నూటికి పాతిక వడ్డీ: మన ఊరి పామర్ దొర కథ

హైదరాబాదుకీ హెడ్జ్ ఫండ్లకీ సంబంధం ఎప్పటి నుంచి అని అడిగితే మనలో చాలామంది రాయదుర్గం వైపు చెయ్యి చూపిస్తారు. అది తప్పేం కాదు. డి.ఇ.షా అనే అమెరికా హెడ్జ్ ఫండ్ కంపెనీ 1996లోనే మన ఊళ్ళో ఆఫీసు పెట్టింది. అప్పటికి సైబర్ టవర్స్ ఇంకా ప్రారంభం కూడా కాలేదు, అది 1998లో. ఇవాళ గచ్చిబౌలి ఫైనాన్షియల్ డిస్ట్రిక్టులో మన సీనియర్లు ఎంతమంది రిస్కు మోడళ్ళు రాస్తున్నారో చెప్పక్కర్లేదు. కానీ నన్నడిగితే ఈ ఊళ్ళో పెద్దవాళ్ళ డబ్బు పోగేసి, అప్పు మీద నడిపి, కళ్ళు తిరిగే లాభం చూపించి, చివరికి బోర్లాపడిన మొదటి పెద్ద కంపెనీ 200 ఏళ్ళ నాటిది. దాని చిరునామా కోఠీ. దాని యజమాని పేరు విలియం పామర్. ఊరి తెల్లవాళ్ళు ఆయన్ని కింగ్ పామర్ అనేవాళ్ళు.

ఫైనాన్స్ ఎలెక్టివ్ తీసుకోనివాళ్ళ కోసం ఒక్క ముక్క. హెడ్జ్ ఫండ్ అంటే కొద్దిమంది డబ్బున్నవాళ్ళ సొమ్ము తీసుకుని, దానికి అప్పు కూడా జోడించి, మామూలు మదుపుదారు పోని చోట్లకి పోయి లాభం తెచ్చే సంస్థ. 1949లో అమెరికాలో ఆల్ఫ్రెడ్ విన్‌స్లో జోన్స్ మొదలుపెట్టినదాన్ని మొదటిదిగా చెప్తారు. మేనేజరు ఏటా మొత్తం సొమ్ము మీద 2 శాతం, లాభంలో 20 శాతం తీసుకోవడం అక్కడ పాత ఆనవాయితీ. అంత ఫీజు ఎందుకయ్యా అంటే నైపుణ్యానికి అంటారు. ఆ నైపుణ్యం నిజంగా ఉందా, లేక ఎవరికీ కనిపించని రిస్కుని మూటగట్టి దాని కూలీనే లాభం అని చూపిస్తున్నారా? ఈ ప్రశ్నకి జవాబు వెతకడానికి పామర్ జీవితం కంటే మంచి కేస్ స్టడీ నాకు దొరకలేదు. పామర్ది పేరుకి హెడ్జ్ ఫండ్ కాదు, వడ్డీ వ్యాపారపు కోఠీ. లోపల తిరిగే యంత్రం మాత్రం అదే.

ఇటూ కాని, అటూ కాని కుర్రాడు

విలియం పామర్ 1780లో పుట్టాడు. తండ్రి పేరు కూడా విలియం పామరే, ఈస్టిండియా కంపెనీ సైన్యంలో జనరల్ దాకా ఎదిగాడు, వారన్ హేస్టింగ్స్‌కి బాగా కావలసినవాడు. తల్లి ఫైజ్ బక్ష్ బేగం, మొగలాయి మర్యాదల్లో పెరిగిన ముస్లిం స్త్రీ. లక్నోలో ఉండగా ఆ కుటుంబాన్ని ఒక చిత్రకారుడు నూనె రంగుల్లో గీశాడు. బొమ్మ పూర్తి కాలేదు, ఇప్పుడు లండన్లో బ్రిటిష్ లైబ్రరీ వాళ్ళ దగ్గర ఉంది. అందులో తల్లి పక్కన కనిపించే పిల్లల్లో మన కథానాయకుడు ఒకడు.

కుర్రాడు ఇంగ్లండ్‌లో చదువుకున్నాడు. ఇంగ్లీషు, ఉర్దూ, పారసీ మూడూ ఇంట్లో మాటలే. తండ్రి హోదా చూస్తే కంపెనీ ఉద్యోగం చేతికి అందాలి. కానీ 1791లో కార్న్‌వాలిస్ హయాంలో ఒక రూలు వచ్చింది: తల్లి గానీ తండ్రి గానీ భారతీయులైతే కంపెనీ కొలువులో ఆఫీసరు పోస్టు లేదు. ఒక్క సంతకంతో ఒక తరం పిల్లలకి తలుపు మూసుకుపోయింది. అలాంటివాళ్ళు స్వదేశీ సంస్థానాల దారి పట్టారు. పామర్ కూడా అలాగే హైదరాబాదు వచ్చి నిజాం సైన్యంలో చేరాడు.

ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది. దొరల మధ్య పామర్ పూర్తి దొర కాదు, నవాబుల మధ్య పూర్తి నవాబూ కాదు. కానీ రెండు ఇళ్ళ గుమ్మాలూ దాటగలిగినవాడు. వ్యాపారంలో అది ఎంత పెద్ద ఆస్తో ఆయనకి త్వరగానే తెలిసొచ్చింది.

కోఠీలో కొత్త కోఠీ

సైన్యం వదిలేసి పామర్ 1814 ప్రాంతంలో విలియం పామర్ అండ్ కంపెనీ నిలబెట్టాడు. గోదావరి అడవుల్లో ఓడలు కట్టడానికి పనికొచ్చే కలప, బేరారు పత్తి, వీటితో పాటు వడ్డీ వ్యాపారం. తమ్ముడు హేస్టింగ్స్ పామర్ ఒక భాగస్వామి. బంకటి దాస్ అనే గుజరాతీ షావుకారు మరో భాగస్వామి. అంటే ఊళ్ళో బేగంబజారు, కార్వాన్ వైపు తరతరాలుగా ఉన్న కోఠీల తెలివి కూడా ఈ కంపెనీలోకి వచ్చిందన్నమాట. ఇల్లు, ఆఫీసు బ్రిటిష్ రెసిడెన్సీ పక్కన. ఆ రెసిడెన్సీనే మనం కోఠి ఉమెన్స్ కాలేజీగా ఎరుగుదుం. చూడాలంటే రాయదుర్గంలో మెట్రో ఎక్కి అమీర్‌పేటలో మారి ఉస్మానియా మెడికల్ కాలేజీ స్టేషన్లో దిగండి, అక్కడి నుంచి నడకే.

ఇప్పుడు కస్టమర్ సంగతి. అప్పటి నిజాం సికందర్ జా, సికింద్రాబాదుకి పేరిచ్చిన ఆయన. రాజ్యం వ్యవహారాలు ఆయనకి పట్టేవి కావు. అసలు అధికారం పేష్కారు చందూలాల్ చేతిలో ఉండేది. చందూలాల్ బారాదరి అన్న పేరు పాతబస్తీలో ఇప్పటికీ వింటుంటాం కదా, ఆయనే. చందూలాల్ బలం రెసిడెంటు అండ. ఆ అండకి ఖరీదు ఏమిటంటే, రెసిడెంటు హెన్రీ రస్సెల్ తయారుచేసిన ఫౌజుకి జీతాలు నెలనెలా ఠంచనుగా అందాలి. ఆ ఫౌజు పేరు కూడా రస్సెల్ బ్రిగేడే. ఆఫీసర్లు ఇంగ్లీషువాళ్ళు, జీతాలు ఘనం, ఖర్చు మాత్రం నిజాం ఖజానాది.

ఖజానాలో డబ్బు పంట చేతికొచ్చాక వస్తుంది, జీతాలు ప్రతి నెలా ఇవ్వాలి. ఈ మధ్య ఖాళీని పూడ్చినవాడు పామర్. నెలనెలా ఆయన డబ్బు ఇస్తాడు, బదులుగా కొన్ని తాలూకాల శిస్తు ఆయన పేర రాసిస్తారు. వడ్డీ నూటికి 24, 25. ఇచ్చే డబ్బు అంతా పామర్ సొంతం కాదు. రెసిడెన్సీ ఉద్యోగులు, సైన్యం ఆఫీసర్లు, ఊరి ధనికులు తమ సొమ్ము తెచ్చి ఆయన దగ్గర పెట్టేవాళ్ళు. తక్కువ వడ్డీకి తీసుకుని ఎక్కువ వడ్డీకి ఇవ్వడం, మధ్యలో మిగిలింది తమది. రెసిడెన్సీ డాక్టరు, రెసిడెంటు అసిస్టెంటు కూడా సంస్థలో వాటాదార్లే. అంటే కాపలా కాయాల్సినవాడికే పంటలో వాటా ఉందన్నమాట.

ఇక్కడ ఒక చిన్న లెక్క వేద్దాం. 100 రూపాయల బాకీ నూటికి 25 చక్రవడ్డీతో 3 ఏళ్ళలో 195 అవుతుంది, 10 ఏళ్ళలో 931. అదే 6 శాతం అయితే 10 ఏళ్ళకి 179. పామర్ కంపెనీ పుస్తకంలో ఏటికేడు ఆస్తి ఎలా పెరిగి ఉంటుందో ఊహించుకోండి. ఆ గ్రాఫు ఇవాళ మన ఫైనాన్స్ క్లబ్ ప్రెజెంటేషన్లో పెడితే చప్పట్లు మోగుతాయి. ఎగుడుదిగుళ్ళు లేవు, నష్టం వచ్చిన నెల లేదు. సగటు లాభాన్ని ఒడుదుడుకులతో భాగించి మార్కులేసే షార్ప్ నిష్పత్తిలో ఫస్ట్ క్లాస్ డిస్టింక్షన్.

లైసెన్సు ఉన్నవాడిదే లాభం

మరి ఇంత తియ్యటి వ్యాపారంలోకి ఇంకో తెల్లవాడు ఎందుకు రాలేదు? చట్టం అడ్డం. బ్రిటిష్ ప్రజలెవరూ కంపెనీ అనుమతి లేకుండా దేశీయ రాజులకి అప్పులివ్వకూడదని 1797లోనే పార్లమెంటు శాసనం చేసింది. ఆర్కాటు నవాబు అప్పుల గొడవలో తిన్న దెబ్బల నుంచి నేర్చుకున్న పాఠం అది. 1816లో గవర్నర్ జనరల్ పామర్ కంపెనీకి ఆ చట్టం నుంచి మినహాయింపు ఇచ్చాడు. ఆ గవర్నర్ జనరల్ మార్క్విస్ ఆఫ్ హేస్టింగ్స్. తండ్రి స్నేహితుడు వారన్ హేస్టింగ్స్ వేరు, ఈయన వేరు, తమ్ముడు హేస్టింగ్స్ పామర్ ఇంకా వేరు. ఈ కథలో హేస్టింగ్స్‌లు మరీ ఎక్కువ, తికమక పడకండి.

మినహాయింపు వెనక ఒక పెళ్ళి ఉంది. సర్ విలియం రంబోల్డ్ అనే ఆయన మార్క్విస్ సంరక్షణలో పెరిగిన అమ్మాయిని చేసుకుని ఇండియా వచ్చి పామర్ సంస్థలో భాగస్వామిగా చేరాడు. పెద్దాయనకి ఆ జంట మీద మమకారం. ఆ మమకారం పామర్‌కి కంచుకోట అయింది.

ఇప్పుడు నైపుణ్యం ప్రశ్నకి వద్దాం. పామర్ తెలివైనవాడే. దర్బారు మర్యాద తెలుసు, మనుషుల్ని పోగేయడం తెలుసు, భాషలు తెలుసు. ఆ తెలివికి కొంత లాభం న్యాయంగానే రావాలి. కానీ ఆ 25 శాతంలో తెలివి వాటా ఎంత, లైసెన్సు వాటా ఎంత? అదే తెలివి ఉన్న ఇంకొకడికి చట్టం అడ్డుపడుతుంటే పోటీ ఎక్కడిది? ఫండ్ భాషలో చెప్పాలంటే ఆల్ఫా అని రాసుకున్నదాంట్లో సగం పలుకుబడి.

ఆయనకి అనుకూలంగా చెప్పాల్సిందీ ఉంది. ఆ రోజుల్లో ఊరి షావుకార్లు కూడా సర్కారుకి అలాంటి వడ్డీలకే ఇచ్చేవాళ్ళు. ఎగ్గొట్టినా కోర్టుకి లాగలేని రాజుకి అప్పు ఇవ్వాలంటే ఎవరైనా ఎక్కువే అడుగుతారు. కరెన్ లెనార్డ్ అనే చరిత్రకారిణి అయితే పామర్ కంపెనీని హైదరాబాదు దేశీ కోఠీల్లో ఒకటిగానే చూడాలని, ఒక్క పామర్‌నే దొంగగా నిలబెట్టడం బ్రిటిష్ కాగితాలు చేసిన పని అని వాదించింది. నాకు ఆ వాదన సగం నచ్చింది. మిగతా సగానికి అడ్డం వచ్చేది 60 లక్షల అప్పు.

60 లక్షలు

1820లో చందూలాల్, పామర్ కలిసి ఒక కొత్త ప్రతిపాదన పంపారు. నిజాం సర్కారుకి 60 లక్షల రూపాయల అప్పు. పాత బాకీలు తీర్చడానికి, ఊళ్ళు వదిలి పోయిన రైతుల్ని వెనక్కి రప్పించి సాయం చేయడానికి అని రాశారు. కలకత్తా కౌన్సిల్లో అభ్యంతరాలు వచ్చినా మార్క్విస్ పట్టుబట్టి ఒప్పించాడు.

అదే ఏడాది రస్సెల్ వెళ్ళిపోయి కొత్త రెసిడెంటుగా చార్లెస్ మెట్‌కాఫ్ వచ్చాడు. వచ్చీ రాగానే జిల్లాలు తిరిగాడు. శిస్తు వసూలు గుత్తకి ఇచ్చేశారు, ఎక్కువ పాడినవాడికి తాలూకా. గుత్తేదారు పాడినదానికి రెట్టింపు రాబట్టుకోవాలి కాబట్టి రైతుని పిండాడు. ఊళ్ళకి ఊళ్ళు ఖాళీ. ఆ డబ్బంతా ఎటు పోతోందని ఆరా తీస్తూ మెట్‌కాఫ్ వెనక్కి నడుచుకుంటూ వస్తే దారి తన ఇంటి పక్క గుమ్మంలోకే వచ్చి ఆగింది.

60 లక్షల అప్పు లెక్క విప్పి చూస్తే అందులో కొత్తగా చేతులు మారిన డబ్బు పెద్దగా లేదు. పాత బాకీల్నే కొత్త పేరు మీద రాసుకున్నారు. పైగా 8 లక్షలు సంస్థకి బోనసు. రైతులకి సాయం కాగితం మీదే మిగిలింది. ఇవాళ దీన్ని ఎవర్‌గ్రీనింగ్ అంటాం: తీరని బాకీని కొత్త బాకీతో తీర్చినట్టు చూపించి, పుస్తకంలో అంతా పచ్చగా ఉందనిపించడం. గ్రాఫులో ఎగుడుదిగుళ్ళు ఎందుకు లేవో ఇప్పుడు తెలిసింది కదా. నష్టం లేక కాదు, నష్టాన్ని లెక్కలోకి రానీయక.

మెట్‌కాఫ్ అడిగిన ప్రశ్న సూటిగా ఉంది, నా మాటల్లో చెప్తాను. కంపెనీ సర్కారు వెనక నిలబడింది కాబట్టి నిజాం ఎగ్గొట్టడు అని పామర్ ధీమా. మరి ఎగ్గొట్టే భయమే లేకపోతే 25 శాతం దేనికి? భయం ఉంది కాబట్టే 25 అంటే, రేపు డబ్బు మునిగినప్పుడు గవర్నర్ జనరల్ దగ్గరికి పరిగెత్తకూడదు. రిస్కు కూలీ తీసుకుంటూ రిస్కు మాత్రం ఇంకొకరి నెత్తిన పెట్టడం కుదరదు. దీనికి ఆయన చెప్పిన మందు కూడా తేలికే: కంపెనీ జామీను ఉండి కలకత్తాలో 6 శాతానికి అప్పు తెచ్చి పామర్ బాకీ తీర్చేద్దాం. 60 లక్షల మీద నూటికి 25 లెక్కన ఏడాదికి 15 లక్షల వడ్డీ, నూటికి 6 లెక్కన 3 లక్షల 60 వేలు. తేడా ఏటా 11 లక్షల పైన. ఆ తేడా కట్టేది ఎవరు? పొలంలో ఉన్నవాడు.

మార్క్విస్‌కి కోపం వచ్చింది, తన ఇంటి పిల్లల మీద దాడి అనుకున్నాడు. మెట్‌కాఫ్ వెనక్కి తగ్గలేదు. ఉద్యోగం ఇచ్చిన పెద్దాయనతో వైరం వల్ల మెట్‌కాఫ్‌కి సొంత లాభం ఏమీ లేదు, అయినా కాగితం తర్వాత కాగితం రాస్తూ పోయాడు. ఈ లోపు లండన్లో డైరెక్టర్లు కూడా పామర్‌కి ఎదురు తిరిగారు. 1823 మొదట్లో మార్క్విస్ మచ్చతోనే ఇండియా వదిలాడు.

బాకీ తీర్చింది మన సర్కారు జిల్లాలే

ఇక్కడ మన కోస్తా మిత్రులు కాస్త చెవి పెట్టాలి. శ్రీకాకుళం నుంచి గుంటూరు దాకా ఉన్న ఉత్తర సర్కారుల్ని కంపెనీ తీసుకున్నందుకు నిజాంకి ఏటా పేష్కష్ కట్టేది. అప్పటికి అది ఏడాదికి 7 లక్షలు. 1823లో కంపెనీ ఒక కోటి 16 లక్షల పైచిలుకు ఒకేసారి లెక్కగట్టి ఇచ్చి ఆ పేష్కష్‌ని శాశ్వతంగా రద్దు చేయించుకుంది. పామర్ బాకీ ఆ సొమ్ములోంచే తీరింది.

శాశ్వత ఆదాయం విలువ కట్టే సూత్రం మనకి ఇంజనీరింగ్ ఎకనామిక్స్‌లో ఉంది, ఏటా వచ్చేదాన్ని వడ్డీ రేటుతో భాగించడం. 7 లక్షల్ని 0.06తో భాగించండి, 1 కోటి 16 లక్షల 66 వేలు వస్తుంది. అదే 7 లక్షల్ని పామర్ రేటు 0.25తో భాగిస్తే 28 లక్షలే. ఒకే ఆదాయం, రెండు విలువలు. మధ్య తేడా అంతా నమ్మకం ఖరీదు. కంపెనీ మాటకి 6, నిజాం మాటకి 25. ఒక రాజ్యం తన పరపతి పోగొట్టుకుంటే దాని ఆస్తి ఎంత చవకైపోతుందో ఈ ఒక్క భాగహారం చెప్తుంది. ఆ తర్వాత కూడా ఫౌజు ఖర్చు ఆగలేదు, బాకీ మళ్ళీ పెరిగింది. 1853లో డల్హౌసీ ఆ బాకీ కింద బేరారునే రాయించుకున్నాడు.

సరే, బాకీ తీరింది కదా, పామర్ గట్టెక్కాలి కదా. గట్టెక్కలేదు. లైసెన్సు పోయింది. సర్కారుతో కొత్త లావాదేవీలు బంద్. పాత వసూళ్ళ మీద తగాదాలు. సంస్థ పోర్ట్‌ఫోలియో చూడండి: కలప, పత్తి అని పేరుకే, అసలు బరువంతా ఒక్క బాకీదారు మీద. ఆ బాకీదారు బలం ఒక్క మంత్రి. ఆ మంత్రి బలం ఒక్క రెసిడెంటు. ఆ రెసిడెంటు వెనక ఒక్క గవర్నర్ జనరల్. చూడటానికి నాలుగు స్తంభాలు, లెక్కకి ఒక్కటే. అది కదిలింది, 1824లో కంపెనీ దివాలా తీసింది. కలకత్తాలో ఆయన సవతి అన్న జాన్ పామర్‌ది ఇంకా పెద్ద వ్యాపారం, 1830లో అదీ కూలింది. దాంతో పాటు కలకత్తాలో తెల్లవాళ్ళ వ్యాపార సంస్థలు వరసగా పడిపోయాయి.

1998లో అమెరికాలో లాంగ్ టర్మ్ కాపిటల్ మేనేజ్‌మెంట్ అనే ఫండ్ మునిగింది. అందులో ఇద్దరు నోబెల్ గ్రహీతలు, మెర్టన్, షోల్స్. రెండో, మూడో ఏళ్ళలో 40 శాతం పైన లాభం చూపించారు. సొంత డబ్బుకి పాతిక రెట్లు అప్పు. వేరువేరు దేశాల్లో వేరువేరు పందేలు కాబట్టి అన్నీ ఒకేసారి ఓడవు అనుకున్నారు. రష్యా బాకీ ఎగ్గొట్టగానే అన్నీ ఒకేసారి ఓడాయి. చివరికి 14 బ్యాంకులు కలిసి 360 కోట్ల డాలర్లు పోసి మంట ఆర్పాయి. నోబెల్ బుర్రలకి కూడా పామర్ పాఠమే ఎదురైంది.

మిగిలిన 43 ఏళ్ళు

దివాలా నాటికి పామర్ వయసు 44. ఇంగ్లండ్ వెళ్ళిపోలేదు, వెళ్ళడానికి అది తన ఊరూ కాదు. హైదరాబాదులోనే ఉండిపోయాడు. ఫిలిప్ మెడోస్ టేలర్ అనే కుర్ర ఆఫీసరు ఆయన కూతురు మేరీని పెళ్ళి చేసుకున్నాడు. 1839లో థగ్గుల మీద నవల రాసి పేరు తెచ్చుకున్న టేలర్ ఆయనే. 1857 జులైలో తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అలావుద్దీన్ మనుషులు రెసిడెన్సీ మీద దాడి చేసేనాటికి పామర్ 77 ఏళ్ళ ముసలివాడు. 1867లో కన్నుమూశాడు. గెలిచింది పదేళ్ళు, ఓడిన తర్వాత బతికింది 43 ఏళ్ళు.

నాకు ఆయన మీద జాలి ఉంది. పుట్టుకని బట్టి ఉద్యోగం ఇవ్వనన్న కంపెనీ, ఆయన వ్యాపారం కంటికి నచ్చినన్నాళ్ళు లైసెన్సు ఇచ్చింది, నచ్చనప్పుడు లాక్కుంది. అదే ఫౌజు ఖర్చుకి నిజాంని అప్పులపాలు చేసిన సంగతి మాత్రం తన పుస్తకంలో రాసుకోలేదు. కానీ జాలి ఒకటి, లెక్క ఒకటి. ఊరు వదిలి పోయిన రైతు పామర్ బాలన్స్ షీట్లో లేడు, కంపెనీ బాలన్స్ షీట్లోనూ లేడు.

ఈ సీజన్లో మనలో కొందరు ఆ ఫండ్ ఆఫీసుల్లో ఇంటర్వ్యూలకి వెళ్తారు. ఇంకొందరు మొదటి జీతంతో ఎవరో చెప్పిన గ్యారంటీ స్కీములో డబ్బు పెడతారు. రెండు చోట్లా మూడు ప్రశ్నలు పనికొస్తాయి. ఈ లాభంలో తెలివి ఎంత, లైసెన్సు ఎంత? పది పందేలు నిజంగా పదేనా, లేక ఒక్క మనిషి మీద పది సార్లు కాశారా? మునిగితే మునిగేది ఎవరు? మూడో దానికి జవాబు దొరక్కపోతే, అది మనమో, మనలాంటివాళ్ళో అయి ఉంటాం.